తెలిసిన మనిషి

బుధవారం సాయంత్రం కారు దిగుతూనే జోనెల్ చేతిలోని ఉత్తరాల కట్ట పైకెత్తి ఊపింది.

"అక్కా, కౌంటీ ఆఫీసు నుంచి నీ పేర ఏదో వచ్చింది. శనివారమే వచ్చిందట. మా ఆయన తీసి టీవీ మీద పెట్టి మర్చిపోయాడు. తన వేటకుక్కలకి తిండి పెట్టడం మాత్రం ఒక్కనాడూ మర్చిపోడు."

వెర్లీన్ టుక్స్ నిచ్చెన దిగలేదు. ఆమె పళ్ళ మధ్య రెండు మేకులున్నాయి. వంటింటి కప్పు మీద పరిచిన నీలం టార్పాలిన్ పట్టా గాలికి లేచి కొట్టుకోకుండా అంచు వెంబడి చెక్కబద్ద పెట్టి మేకులు దిగ్గొడుతోంది. పెద్ద గాలివాన వచ్చి వెళ్ళి ఐదు వారాలైంది. ఆ రోజు పెరట్లోని పైన్ చెట్టు వంటింటి మీద పడింది. వీధిలోని చెట్టు ఉత్తరాల డబ్బా మీద పడింది. వంటిల్లు పోతే వెనక గదిలో కరెంటు పొయ్యి పెట్టుకుని సర్దుకుంది. డబ్బా సంగతే కుదరలేదు. డబ్బా లేని ఇంటికి ఉత్తరాలు వెయ్యనని పోస్టుమ్యాన్ తేల్చి చెప్పేశాడు. అందుకని కొన్నాళ్ళపాటు తన ఉత్తరాలు పక్క కౌంటీలో ఉండే చెల్లెలి ఇంటికి పంపమని పోస్టాఫీసులో రాసిచ్చింది. తనుండే శాండ్ హిల్ పేటలో సగం మంది ఆ పనే చేశారు.

"చదువు," అంది మేకులు తీసి చేతిలో పట్టుకుని.

జోనెల్ కళ్ళజోడు సర్దుకుంది. "వెర్లీన్ టుక్స్, నూట పద్దెనిమిది, డెపో వీధి. సదరు చిరునామాలో మీరు నివసించడం లేదని ఈ కౌంటీ ఓటరు ఒకరు అభ్యంతరం దాఖలు చేసి ఉన్నారు..." ఆగి, తలెత్తి అక్క వంక చూసింది. "నివసించడం లేదా? మరి నిచ్చెన మీదున్నదెవరు, దెయ్యమా?"

"ముందు చదువు."

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి ఎన్నికల బోర్డు ముందు హాజరవ్వాలి. గాలివాన తర్వాతి తేదీతో, తన పేరూ ఇంటి నంబరూ రెండూ ఉన్న కాగితం చూపించాలి. చూపించలేకపోతే అభ్యంతరం నిలుస్తుంది. మంగళవారమే ప్రెసిడెంటు ఎన్నిక. అభ్యంతరం పెట్టినవారు: డి. ఎల్. హచెసన్. ఇంకా ఎవరెవరి మీద పెట్టారో ఆ పేర్లు జతపరచడమైనది.

జతపరిచినవి నాలుగు పేజీలు. వెర్లీన్ నిచ్చెన దిగి, మెట్టు మీద కూర్చుని, వేలు పెట్టి ఒక్కో పేరూ చదివింది. ఆల్ఫ్రెడా పింక్‌స్టన్. చర్చి పెద్ద డీకన్ హోజియా బ్రాంట్లీ. రీవ్స్ అన్నదమ్ములు ముగ్గురూ. డెపో వీధి అయిపోయి జిన్ను మిల్లు వీధి మొదలైంది. అదీ అయిపోయి చర్చి వెనక సందు వచ్చింది. మొత్తం నూట అరవై మూడు మంది.

"అందరూ రైలుపట్టాలకి ఇటువైపు వాళ్ళే," అంది జోనెల్. "అటువైపు గాలి వీచలేదా? తెల్లవాళ్ళ డబ్బాలు విరగలేదా?"

వెర్లీన్ కాగితాలు మడిచి లేచింది. లోపలికెళ్ళి మంచం కింది చెప్పుల పెట్టె లాగింది. ఇంటి దస్తావేజు అమ్మ పేర ఉంది. అమ్మ పోయి పదకొండేళ్ళు. కరెంటు బిల్లు ఓటిస్ పేర వస్తుంది. మొగుడు పోయి నాలుగేళ్ళైనా పేరు మార్పించుకోలేదు. జీతం నేరుగా బ్యాంకులో పడుతుంది, కాగితం రాదు. డ్రైవింగ్ లైసెన్సు మీద పేరూ ఇంటి నంబరూ ఉన్నాయి గాని తేదీ మూడేళ్ళ కిందటిది. ముప్పై నాలుగేళ్ళుగా తను తుడుస్తున్న, వండుతున్న, పురుడు పోసుకున్న, శవాన్ని సాగనంపిన ఇల్లు తనదేనని చెప్పే ముక్క ఒక్కటి కూడా ఆ పెట్టెలో దొరకలేదు.

అప్పుడే ఫోను మోగింది. అట్లాంటా నుంచి, తను ఓటేసే పార్టీ వాళ్ళు. ఈ వారంలో ఏడోసారి.

"మిస్ టుక్స్! మంగళవారం మీ ఓటు ఎంత ముఖ్యమో మీకు తెలుసా అండీ?" హుషారైన ఆడగొంతు.

"తెలుసమ్మా. ఆ ఓటు తీసేస్తున్నారు. శుక్రవారం విచారణట. ఏం చెయ్యాలో చెప్పు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "అయ్యో... అది నా దగ్గరున్న ప్రశ్నల్లో లేదండీ. మీకో నంబరు పంపిస్తాను. సరేనా? మర్చిపోకుండా ఓటెయ్యండేం!"

ఆ నంబరుకి ఎన్నిసార్లు చేసినా, మీరు వరసలో ఉన్నారు అని సంగీతమే వినిపించింది.

గురువారం ఉదయం, తను ఆయాగా పనిచేసే పైన్‌హెవెన్ వృద్ధుల హోమ్‌లో పన్నెండో నంబరు గదిలో వెర్లీన్ రెండు బేసిన్లలో గోరువెచ్చటి నీళ్ళు పట్టింది. ఒకటి సబ్బుకి, ఒకటి కడగడానికి. ఆ హోమ్‌లో ఇంకో వెర్లీన్ ఉంది కాబట్టి ఈమెని అందరూ వీ అనే పిలుస్తారు. చొక్కా మీది పేరుబిళ్ళ మీదా అదే ఉంటుంది.

మంచం మీద మిస్ యూజీనియాకి ఎనభై తొమ్మిదేళ్ళు. పక్షవాతంతో ఎడమవైపు పడిపోయింది. మాట పోయింది. వెర్లీన్ ముందు సబ్బు లేకుండా ముఖం తుడిచింది, కళ్ళు లోపలి మూల నుంచి బయటికి. చర్మం ఉల్లిపొరలా ఉంటుంది కాబట్టి రుద్దకుండా అద్దింది. పక్కకి తిప్పి, వీపు వెనక తలగడ పెట్టి, మడమల మీద ఎరుపు ఉందేమోనని వేలితో నొక్కి చూసింది. చొక్కా తొడిగేటప్పుడు చచ్చుబడ్డ చెయ్యి ముందు దూర్చింది. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుని, మెత్తగా ఉడికిన మొక్కజొన్నపిండి జావ సగం చెంచా చొప్పున కుడిబుగ్గ వైపు పెడుతూ, గొంతు కదిలేదాకా ఆగుతూ, చిన్నగా కూనిరాగం తీసింది. మిస్ యూజీనియా ఇంకెవరు పెట్టినా పెదాలు బిగిస్తుంది.

గోడకున్న టీవీలో ఒక ప్రెసిడెంటు అభ్యర్థి పెద్ద సభలో మాట్లాడుతున్నాడు. "ఆ పేటల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఎవరి గురించి చెబుతున్నానో కూడా మీకు తెలుసు," అని కన్ను గీటాడు. సభంతా గొల్లున నవ్వింది.

మిస్ యూజీనియా కూతురు డార్లా నిమ్మకాయ కేకు డబ్బాతో లోపలికొచ్చింది. రోజూ వస్తుంది. తల్లి నుదుటి మీద ముద్దు పెట్టుకుని, వెర్లీన్ భుజం తట్టింది.

"వీ, రేపు పొద్దున నేను రాను. అమ్మని నీ చేతుల్లో పెడుతున్నా. రేపు ఎన్నికల బోర్డులో నాకు పనుంది." ఆమె ముఖం వెలిగిపోతోంది. "నూట అరవై మూడు దొంగ ఓట్లు పట్టుకున్నాను తెలుసా! నేనొక్కదాన్నే. మూడు వారాల కష్టం."

వెర్లీన్ చేతిలో చెంచా దారిలో ఆగింది. డి. ఎల్. హచెసన్ ఈవిడే అన్నమాట. "ఎలా పట్టుకున్నారు మిస్ డార్లా?"

"చిరునామాలు మార్చుకున్నవాళ్ళ పట్టిక ఉంటుంది. దాన్ని ఓటర్ల జాబితాతో సరిచూశా. తర్వాత కారులో ఆ రైలుపట్టాల పక్క పేటంతా తిరిగా. అన్నీ నీలం పట్టాలే వీ, ఒక్క మనిషి లేడు. ఇళ్ళొదిలి వెళ్ళిపోయారు, పేర్లు మాత్రం ఇక్కడున్నాయి. మంగళవారం ఆ పేర్లతో ఎవరొచ్చి ఎవరికేస్తారో తెలీదు కదా?" టీవీ వంక గడ్డం ఎత్తి చూపించింది. "ఆయన అదే చెబుతున్నాడు, మీ ఊరికి మీరే కాపలా కాయండని. రంగుతో సంబంధం లేదు. నేనలాంటిదాన్ని కాదని నీకు తెలుసు."

"మీరు ఏ వేళప్పుడు తిరిగారు?"

"పొద్దున పదకొండింటికి. ఏం?"

పదకొండింటికి శాండ్ హిల్‌లో ఎవరుంటారు? పొట్లాలు కట్టే కర్మాగారంలోనో, కోళ్ళ ఫ్యాక్టరీలోనో, బడి వంటింట్లోనో ఉంటారు. లేకపోతే ఇక్కడ, ఈ కుర్చీలో, చెంచా పట్టుకుని ఉంటారు. ఆ మాట వెర్లీన్ నాలుక చివరిదాకా వచ్చింది. మిస్ యూజీనియా నోరు తెరిచి ఎదురు చూస్తోంది. చెంచా ఆ నోట్లో పెట్టింది.

"ఏం లేదు," అంది.

మధ్యాహ్నం మేనేజరు గదిలో నిలబడి రేపు రెండు గంటలు వదలమని అడిగింది. మేనేజరు కంప్యూటరు వంక చూసే మాట్లాడాడు. "గాలివానప్పుడు రెండు రోజులు రాలేదు నువ్వు. మూడోది అయితే నా చేతుల్లో ఉండదు. రూలు రూలే, వీ."

"చెట్టు ఇంటి మీద పడిందండీ."

"నా మీదా పడింది," అన్నాడతను. అతని కారు మీద కొమ్మ పడిన మాట నిజమే.

శుక్రవారం వెర్లీన్ ఐదున్నరకే వచ్చి మిస్ యూజీనియాకి స్నానం చేయించింది, జావ పట్టింది. పక్క గది ఆయాకి అప్పజెప్పి ఎనిమిదీ ఇరవైకి వెనక తలుపు గుండా బయటపడింది. నీలం యూనిఫాం మీదే స్వెట్టరు వేసుకుంది. దారిలో డీకన్ బ్రాంట్లీని ఎక్కించుకుంది. ఆయనకి ఎనభై నాలుగేళ్ళు. ఆయన ఉత్తరాలు అట్లాంటాలో మనవడి ఇంటికి వెళుతున్నాయి కాబట్టి, బుధవారం వెర్లీన్ వెళ్ళి చెప్పేదాకా ఆయనకి ఈ సంగతే తెలియదు. కోటు, టై, నున్నగా గీసిన గడ్డం. చర్చికి బయల్దేరినట్టే ఉన్నాడు.

విచారణ గదిలో డెబ్బై కుర్చీలు వేశారు. నూట అరవై మూడు మందిలో వచ్చినవాళ్ళు పదకొండు మంది. మిగతావాళ్ళకి ఉత్తరం అందలేదు, లేకపోతే పని వదిలి రాలేకపోయారు. ఎదురుగా బల్ల వెనక ఐదుగురు సభ్యులు, మధ్యలో వేరుశనగ వ్యాపారి స్పైవీ. పక్కగా చిన్న బల్ల దగ్గర డార్లా రంగురంగుల చీటీలు అంటించిన లావు ఫైలు తెరుచుకుని కూర్చుంది.

స్పైవీ పేర్లు పిలుస్తున్నాడు. పిలిచి, గది నలుమూలలా చూస్తున్నాడు. "హాజరు లేరు. అభ్యంతరం ఆమోదం." గుమస్తా ఒక కాగితాన్ని ఎడమ దొంతర నుంచి కుడి దొంతరకి మారుస్తోంది. రీవ్స్ అన్నదమ్ములు ముగ్గురూ నిమిషంలో అటు వెళ్ళిపోయారు. వెర్లీన్ చెప్పుల పెట్టె ఒళ్ళోకి లాక్కుంది.

డీకన్ వంతు వచ్చింది. లేచి, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. గాలివాన తర్వాత గ్యాసు బండివాడు ఇంటికొచ్చి సిలిండరు దించి ఇచ్చిన రసీదు. పేరుంది, ఇంటి నంబరుంది, తేదీ ఉంది. సభ్యులు అటూ ఇటూ తిప్పి చూశారు. "సరే. అభ్యంతరం కొట్టివేత." డీకన్ కూర్చుని నుదురు తుడుచుకున్నాడు.

"వెర్లీన్ టుక్స్."

ఆమె చెప్పుల పెట్టె పట్టుకుని లేచింది. డార్లా ఫైలులోంచి తలెత్తింది.

"వీ? నువ్విక్కడేంటి? అమ్మ దగ్గర ఎవరున్నారు?"

"వెర్లీన్ టుక్స్‌ని నేనే, మిస్ డార్లా."

డార్లా ముఖం మెడ దాకా ఎర్రబడింది. కళ్ళు ఫైలు మీదికి, మళ్ళీ ఆమె మీదికి పరిగెత్తాయి. గబుక్కున లేచింది. "ఛైర్మన్ గారూ, ఇదేదో పొరపాటైంది. ఈ ఒక్క పేరూ వెనక్కి తీసుకుంటున్నా. ఈమె నాకు తెలిసిన మనిషి. మూడేళ్ళుగా మా అమ్మని చూసుకుంటోంది. బంగారంలాంటి మనిషి."

స్పైవీ హాయిగా నవ్వాడు. "అంతకంటే ఏం కావాలి? ఉపసంహరణ అని రాసుకోండి. మీరు వెళ్ళొచ్చు మేడమ్."

గుమస్తా కలం ఎత్తింది. వెర్లీన్ ఇంకా పెట్టె మూత తియ్యనేలేదు. ముప్పై నాలుగేళ్ళు, అమ్మ దస్తావేజు, మొగుడి కరెంటు బిల్లు, రెండు రాత్రుల నిద్ర, పోబోయే ఉద్యోగం. వీటన్నిటికీ కాని పని ఆ ఒక్క మాటకి అయిపోయింది. తెలిసిన మనిషి.

"ఒక్క నిమిషం," అంది. "నా కాగితాలు చూళ్ళేదు."

"అక్కర్లేదు మేడమ్. ఆవిడ హామీ ఇచ్చారుగా."

"ఆవిడకి నా పూర్తి పేరు తెలిసిందే ఇప్పుడు. నా ఇల్లెక్కడో తెలీదు. దేనికి హామీ ఇస్తారు?"

"వీ," డార్లా గొంతు తగ్గించింది, "నీకు సాయం చేద్దామనే కదా నేను..."

"తెలుసు మిస్ డార్లా. మరి మిగతా నూట అరవై రెండు మందిని తెలిసినవాళ్ళెవరు? వాళ్ళు మీ అమ్మగారికి స్నానం చేయించలేదనా?"

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. స్పైవీ నవ్వు పోయింది. "మేడమ్, మంచికి చెబుతున్నా. ఆ మాట తీసుకుని వెళ్ళండి. కాగితాల మీద తేల్చమంటే కాగితాల మీదే తేలుస్తాం."

వెర్లీన్ వెనక కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చుంటే చాలు. ఏమీ అనక్కర్లేదు, కూర్చుంటే చాలు. కుడివైపు దొంతర కేసి చూసింది. పైన ఉన్నది చిన్న రీవ్స్ కాగితం.

"కాగితాల మీదే తేల్చండి," అంది.

డార్లా దవడ బిగుసుకుంది. "అయితే సరే. నేను వెనక్కి తీసుకోను."

ఎంతోసేపు పట్టలేదు. దస్తావేజు తల్లి పేర, బిల్లు భర్త పేర. లైసెన్సు పాతది. గాలివాన తర్వాతి తేదీతో కాగితం లేదు. అభ్యంతరం నిలవాలని ముగ్గురు చేతులెత్తారు, ఇద్దరు ఎత్తలేదు. మంగళవారం ఓటేయొచ్చు గాని ఆ ఓటు విడిగా కవరులో పెడతారు. వచ్చే శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా రుజువు తెస్తే లెక్కపెడతారు, లేకపోతే లేదు. ఆమె కాగితం కుడి దొంతర మీదికి వెళ్ళింది.

కారులో డీకన్ టై ముడి వదులు చేసుకున్నాడు. వేరుశనగ గోదాములు దాటాక అన్నాడు: "ఆవిడ హామీ తీసుకోవాల్సింది పిల్లా."

వెర్లీన్ బ్రేకు తొక్కినంత పని చేసింది. "మీరా ఆ మాట అనేది?"

"నేనే. మా నాన్న ఓటరుగా పేరు రాయించుకోడానికి వెళ్ళినప్పుడు, నిన్నెరిగిన తెల్లాయన్ని తీసుకురమ్మన్నారు. విత్తనాల కొట్టాయన వచ్చి, వీడు మనవాడే, గొడవలు పడేవాడు కాదు అన్నాడు. నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకుని నేల చూస్తూ నించున్నాడు. నేను పక్కనే ఉన్నా. పేరెక్కింది. ఆ ఏడు ప్రెసిడెంటుకి ఓటేశాడు."

"ఇంటికొచ్చి ఏమన్నాడు?"

"ఏమీ అన్లేదు. రెండ్రోజులు ముద్ద ముట్టలేదు." డీకన్ కిటికీలోంచి బయటికి చూశాడు. "కానీ వేశాడు. నువ్వేం మిగుల్చుకున్నావు?"

వెర్లీన్ కారు ఆయన ఇంటి ముందు ఆపింది. ఆయన్ని దింపి హోమ్‌కి వెళితే, మేనేజరు తలుపు దగ్గరే ఎదురొచ్చాడు. చెయ్యి చాపి పేరుబిళ్ళ అడిగి పుచ్చుకున్నాడు. "ఇంటికెళ్ళు. పైవాళ్ళ దగ్గర్నుంచి కాగితం వస్తుంది."

ఆదివారం మధ్యాహ్నం వెర్లీన్ వసారాలో అక్రోటులాంటి పికాన్ కాయలు ఏరుతోంది. గాలివానకి రాలినవి. సగం పుచ్చు. వీధి మొదట్లో తెల్ల కారు ఆగి, నెమ్మదిగా ఇంటి నంబర్లు చూసుకుంటూ వచ్చింది. డార్లా దిగింది. చర్చి బట్టల్లోనే ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మెట్ల దాకా వచ్చి ఆగి, కప్పు మీది నీలం పట్టా కేసి, తాడు మీద ఆరేసిన రెండు యూనిఫాంల కేసి చూసింది.

"అమ్మ శుక్రవారం నుంచి ఏమీ తినడం లేదు, వీ. పెదాలు బిగించేస్తోంది. రేపటికి కూడా తినకపోతే గొట్టం వేస్తామంటున్నారు."

వెర్లీన్ చేతులు ఆగిపోయాయి. "చెంచా నిండా పెడుతున్నారా?"

"ఏమో, ఆ కొత్తావిడ..."

"సగమే పెట్టాలి. కుడిబుగ్గ వైపు. ఎడంవైపు పెడితే ఆవిడకి తెలీదు, ఊపిరి తిరగదు, అందుకే భయం. గొంతు కదిలేదాకా రెండోది పెట్టకూడదు. ఏదో ఒక పాట సన్నగా అంటూ ఉండాలి. ఏదైనా ఫరవాలేదు."

డార్లా తల ఊపుతూ వింది. తర్వాత అంది: "నువ్వే రాకూడదూ? హోమ్ వాళ్ళతో సంబంధం లేకుండా. నేనే ఇంటికి తెచ్చుకుంటాను అమ్మని. ఎంతైనా ఇస్తాను."

"వస్తాను. ఇప్పుడే వస్తాను." వెర్లీన్ ఒడిలోని కాయలు బుట్టలో పోసి లేచింది. "ముందు నాతో ఈ వీధి చివరిదాకా నడవండి. తలుపులు కొడదాం. మీ ఫైలులో ఉన్నవాళ్ళని ఒక్కొక్కర్నీ చూపిస్తా. చూసి, ఈ ఇళ్ళు ఖాళీగా లేవని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. నా ఒక్కదానికీ కాదు, అందరికీ."

డార్లా వీధి వంక తిరిగింది. రీవ్స్ వాళ్ళ పెరట్లోంచి కాలుతున్న మాంసం పొగ వస్తోంది. ఎదురింటి అరుగు మీద ఆల్ఫ్రెడా పింక్‌స్టన్ ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో కూర్చుని వీళ్ళనే చూస్తోంది. ఎక్కడో రేడియోలో ఫుట్‌బాల్ ఆట అరుస్తోంది. డార్లా పెదాలు కదిలాయి. లెక్కపెడుతున్నట్టుంది.

"ఎల్లుండే ఎన్నిక," అంది చివరికి. "ఇప్పుడు నేనలా రాసిస్తే మావాళ్ళు ఏమనుకుంటారు?"

"నాకు తెలీదు మిస్ డార్లా. మీవాళ్ళు నాకు తెలిసినవాళ్ళు కారు."

తెల్ల కారు వెళ్ళిపోయింది. ఆల్ఫ్రెడా అరుగు మీద నుంచి అరిచింది: "ఎవరే ఆవిడ, దారి తప్పిందా?"

"అవును," అంది వెర్లీన్. ఆ పొద్దు ఇంకో పికాన్ కాయ ఏరలేకపోయింది. మిస్ యూజీనియా బిగించిన పెదాలే కళ్ళ ముందు నిలిచాయి.

మంగళవారం బడి వ్యాయామశాలలో పోలింగు. వరస నడిచి బల్ల దాకా వెళ్ళినవాళ్ళలో కొందరి పేర్ల పక్కన గీత ఉంది. విడిగా కూర్చోండి, మీది కవరులో వెయ్యాలి అనగానే సిగ్గుతో, కోపంతో కొందరు వెనుదిరిగారు. పెద్ద రీవ్స్ టోపీ నేలకేసి కొట్టాడు. వెర్లీన్ తన ఓటు పసుపు కవరులో పెట్టి అంటించి ఇచ్చి, బయట ప్రచారం చెయ్యకూడని నూటయాభై అడుగుల గీత అవతల చీకటి పడేదాకా నిలబడింది. వెళ్ళిపోతున్నవాళ్ళ చెయ్యి పట్టుకుని, "కవరులోనైనా వేసి పో. శుక్రవారం దాకా టైముంది. ఏదో ఒక కాగితం దొరుకుతుంది," అని బతిమాలింది. ఏం దొరుకుతుందో ఆమెకే తెలియదు. ఆల్ఫ్రెడా, రీవ్స్ అన్నదమ్ములతో కలిపి నలభై ఒక్క మంది ఆగి వేశారు.

బుధవారం పొద్దున్నే జోనెల్ ఫోను చేసి ఏడ్చింది. టీవీలో కన్ను గీటినాయనే గెలిచాడు. తమ రాష్ట్రమూ ఆయన వైపే వెళ్ళింది. వెర్లీన్ విన్నది, సరే అంది, ఫోను పెట్టేసింది. ఆ రోజూ మర్నాడూ ఇంట్లోంచి బయటికి రాలేదు. కరెంటు పొయ్యి మీద పెట్టిన కాఫీ మరిగి మరిగి మాడింది. నువ్వేం మిగుల్చుకున్నావు అన్న డీకన్ మాట, ఆయన లేకపోయినా, ఆ గదిలోనే తిరుగుతోంది. ఓటూ పోయింది, పనీ పోయింది. ఒక ముసలిది ఆకలితో ఉంది. ఆ రోజు కూర్చుని ఉంటే ఏ ఒక్కటీ పోయేది కాదు.

శుక్రవారం రెండు గంటల వేళ తలుపు కొట్టారు. నెరిసిన గడ్డంతో కొరియరు మనిషి.

"వెర్లీన్ టుక్స్ మీరేనా? పైన్‌హెవెన్ నుంచి. మీ చేతికే ఇవ్వమన్నారు. రెండు యూనిఫాంలు కూడా తీసుకురమ్మన్నారు."

ఆమె తాడు మీంచి తీసి మడిచి పెట్టిన బట్టలు తెచ్చి ఇచ్చింది. అతను చూపించిన చోట సంతకం పెట్టింది. అతను రసీదు చింపి ఉత్తరంతో పాటు ఆమె చేతిలో పెట్టి, కప్పు కేసి చూసి, "మా ఇల్లూ ఇంతేనమ్మా," అని వెళ్ళిపోయాడు.

ఉత్తరం రెండు వాక్యాలే. అనుమతి లేకుండా మూడోసారి విధికి గైర్హాజరైనందున ఉద్యోగం నుంచి తొలగించడమైనది. ఆమె దాన్ని మడిచి కవరులో పెట్టబోతూ రసీదు చూసింది. చూసి, వెలుతురులోకి, తలుపు దగ్గరికి వెళ్ళి మళ్ళీ చూసింది.

వెర్లీన్ టుక్స్, నూట పద్దెనిమిది, డెపో వీధి. నివాసంలో గ్రహీతకు స్వయంగా అందజేయడమైనది. కింద ఈ రోజు తేదీ.

ఎన్నికల ఆఫీసులో కౌంటరు దగ్గర ఆ రోజు పేర్ల దొంతరలు మార్చిన గుమస్తాయే ఉంది. రసీదు చదివింది. ఉత్తరం కూడా కావాలని అడిగి చదివింది. చదివి, రెండింటినీ పక్కపక్కన పెట్టింది.

"ఇదేనా మీ రుజువు?"

"అదే. నా పేరుంది, ఇంటి నంబరుంది, తేదీ ఉంది."

"ఉంది." గుమస్తా గొంతు సవరించుకుంది. "ఫలితం మొన్ననే వచ్చేసింది కదా మేడమ్. ఇప్పుడిది లెక్కలో కలిపినా..."

"కలపండి."

గుమస్తా నకలు తీసి, ముద్ర కొట్టి, వెనక బీరువాలోంచి పసుపు కవర్ల పెట్టె తెచ్చి వెతికింది. వెర్లీన్ కౌంటరు మీద చేతులు పెట్టి చూస్తూ నిలబడింది. తన కవరు బయటికొచ్చి పక్కనున్న ట్రేలో పడేదాకా కదల్లేదు.

"ఇప్పటిదాకా ఎంతమంది తెచ్చారు?" అని అడిగింది.

"మీతో తొమ్మిది."

పెట్టెలో ఇంకా దట్టంగా ఉన్నాయి కవర్లు. గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది. గడువు ఐదింటికి.

వెర్లీన్ కారు తోలిన తీరు చూస్తే జోనెల్ నోరెళ్ళబెట్టేది. డెపో వీధిలోకి తిరిగి, ఆల్ఫ్రెడా పింక్‌స్టన్ అరుగు ముందు ఆపి, దిగకుండానే కిటికీలోంచి అరిచింది.

"ఆల్ఫ్రెడా! గాలివాన తర్వాత మీ ఇంటికి ఎవరైనా ఏమైనా తెచ్చిచ్చారా? ఏదైనా సరే. తెచ్చి, నీ చేత సంతకం పెట్టించుకున్నారా?"

ఆల్ఫ్రెడా ముక్కులో గొట్టం సరిచేసుకుంటూ ఆలోచించింది. "నాకెవరు తెచ్చిస్తారే? ఎవరూ... ఈ గాలి సిలిండరు మార్చే ఆయన వస్తాడు గురువారం గురువారం. ఏవో చీటీలు ఇస్తాడు. డ్రాయర్లో పడేస్తుంటా."

"ఆ చీటీలన్నీ పట్టుకుని కోటేసుకో," అంది వెర్లీన్, పక్క సీటు మీది సామాను వెనక్కి విసిరేస్తూ. "ఇంజను ఆపను. త్వరగా రా. రీవ్స్ వాళ్ళని కూడా కేకెయ్యి."